దుర్గాబాయి ఇంటి ముందు విప్పిన లారీ

మేడ్చల్ నుంచి శామీర్‌పేట వరకు పాత లారీలు నడిపే వాళ్లలో దుర్గాబాయి పేరు వినని వాళ్లు తక్కువ. బండి ఒక పక్కకు లాగుతున్నా, స్టీరింగ్ హ్యాండిల్ వదులైనా, గ్యారేజీకి పోయే ముందు లాల్‌గడి మలక్‌పేట్‌లో ఆమె ఇంటి ముందు ఒకసారి ఆపుతారు. ఆమె చీర కొంగు నడుముకు చుట్టుకుని, ముందు చక్రం పక్కన కూర్చుని, వేళ్లతో తడిమి చెబుతుంది. డబ్బు తీసుకోదు. మంచినీళ్లిచ్చి మరీ పంపుతుంది. ఆమెకు ఈ పేరు తొంభై ఎనిమిది మార్చిలో ఒక్క వారంలో వచ్చింది. ఆ వారం ఆమె పేరు కోసం పని చేయలేదు. భర్త మీద పడ్డ ఒక మాటను దులిపేయడానికి చేసింది.

ఆమె పుట్టింది దూలపల్లిలో. తండ్రి గాలయ్య అక్కడి చిన్న లేత్ కార్ఖానాలో పనివాడు. ఏడో తరగతి వరకు చదివిన పిల్ల, రోజూ మధ్యాహ్నం తండ్రికి సద్ది తీసుకుపోయి, ఆయన తినేలోపు పానాలు నంబర్ల వరసలో సర్దిపెట్టేది. ఆ చదువు ఎందుకు పనికొస్తుందో అప్పట్లో ఎవరికీ తెలియదు.

భర్త సిద్దిరాములు తన పాత లారీని తానే నడుపుకునే నెమ్మదస్తుడు. మేకల మంద అడ్డం వస్తే హారన్ కూడా కొట్టకుండా ఇంజను ఆపి కూర్చుంటాడు. పొద్దున బండెక్కగానే హ్యాండిల్‌ను రెండు చేతులా తాకి కళ్లకద్దుకుంటాడు. పోచమ్మకు బోనాలప్పుడు సాకగా ధార పోయగా మిగిలిన కల్లును ఊరంతా ప్రసాదంలా తీసుకున్నా, అతను చేతులు జోడించి పక్కకు జరుగుతాడు. "ఏమిరా, నీకు అమ్మవారి మీద అలుగుడా" అని తోటివాళ్లు ఆటపట్టించేవాళ్లు. నవ్వి ఊరుకునేవాడు. అలాంటి మనిషిని ఊరు తాగుబోతు అంది.

అది ద్రాక్ష కాలం. ఆ సోమవారం రాఘవేందర్ పటేల్ తోట నుంచి ద్రాక్ష పట్నం మార్కెట్టుకు పోయింది. ఊళ్లో ఎక్కువ భూమి ఆయనదే, ఏ తగువైనా ఆయన అరుగు మీదే తీరేది. సరుకులో సగం అమ్ముడుపోలేదు. ఎండకు బుట్టల్లోనే పులిసి బుడగలొస్తుంటే, ఎరువుకైనా పనికొస్తుందని సిద్దిరాములు వెనక్కి తెచ్చాడు. ఊరి మొగదల మలుపులో హ్యాండిల్ తిప్పాడు. బండి తిరగలేదు. ఇంకాస్త తిప్పేసరికి ఒక్కసారిగా వదిలేసినట్టయి, ముసలి పద్మమ్మ బర్రెల కొట్టం గోడను కొట్టుకుంది. బర్రెలు మేతకు పోయి ఉన్నాయి. పద్మమ్మ చింతపండు గింజలు తీస్తూ ఇంటి ముందు వాకిట్లో ఉంది. ఎవరికీ దెబ్బ తగలలేదు. పోచమ్మ తల్లి దయ అనే అనుకోవాలి.

అందరికంటే ముందు వచ్చింది రాఘవేందరే. బుట్టలు పగిలి ద్రాక్ష రసం కేబిన్ మీదుగా కారుతోంది. ఆ పులిసిన వాసనకు ఆయన ముక్కుకు ఉత్తరీయం అడ్డం పెట్టుకున్నాడు.

"ఏం సిద్దిరాములు, పొద్దు గూకకముందే మొదలువెట్టినవా?"

"లే పటేలా. హ్యాండిల్ తిప్పిన. బండి ఇనలే."

"బండి ఇనలేదా, నువ్వు ఇనే స్థితిల లేవా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అప్పుడే పరుగున వచ్చిన దుర్గాబాయి భర్తను ఎగాదిగా చూసి, దెబ్బలేమీ లేవని తేల్చుకుని, పటేల్ వైపు తిరిగింది.

"గది మీ తోట ద్రాక్షల వాసన పటేలా."

"ద్రాక్షలకూ మనిషికీ వాసన తేడా నాకు తెల్వదంటవా?"

"నోటి దగ్గర ముక్కు వెట్టి సూసినవా మరి?"

ఈసారి నవ్వు ఆయన మీదికి తిరిగింది. పటేల్ మొహం మాడిపోయింది. ఆ నవ్వే పని చెడగొట్టిందని తర్వాత చాలామంది అన్నారు. దుర్గాబాయి మాత్రం ఆ మాటకు ఎప్పుడూ చింతించలేదు.

మర్నాడు అరుగు మీద నలుగురు పెద్దలు కూర్చున్నారు. పదిహేను రోజుల కింద మేడ్చల్‌లో ఆ లారీ స్టీరింగ్ చూసిన మేస్త్రిని అడిగి రమ్మని ఒక మనిషిని పంపారు. స్టీరింగ్ బాక్సు తానే బిగించాననీ, అది మంచిగుందనీ అతను చెప్పి పంపాడు. దాంతో తీర్పు తేలిపోయింది. మా ఊళ్లో ఇలాంటి వాటికి పాత కట్టుబాటు ఒకటుంది. తప్పు చేసినవాడు ఆదివారం పోచమ్మ గుడి ముందు తడిబట్టలతో నిలబడి, వేపమండ పట్టుకుని, ఇకమీద ఆ పని చేయనని ఒట్టు వేయాలి. వేస్తే ఆ మాట అక్కడితో సమాప్తం.

"ఆదివారం ఒట్టెయ్యి, ఇకమీద తాగనని" అన్నాడు రాఘవేందర్. "ఎయ్యకపోతే మన ఊరి సరుకు నీ బండి ఎక్కది, మన ఊరి మనిషి నీ బండి ఎక్కడు."

ఇంటికొచ్చి సిద్దిరాములు మంచం మీద కూలబడ్డాడు. కాసేపటికి, "ఏస్త తియ్యి దుర్గా" అన్నాడు. "ఎట్లయిన తాగనోన్నే గద. ఒట్టు తప్పేదైతే లేదు."

"ఇకమీద తాగనంటే, ఇన్నొద్దులు తాగినట్టే గద. అమ్మ ముందర నిలవడి అబద్ధం జెప్తవా?"

"మరి బతుకుడెట్ల?"

"బండి ఎందుకు ఇనలేదో సూస్తం. ఇక్కడ్నే, ఇంటి ముందర్నే ఇప్పుతం. గ్యారేజీల ఇప్పితే పాత సామాను తెచ్చి పెట్టిన్రంటరు. పొద్దుగల్ల ఇప్పుతం, అందరు సూస్తుండంగ."

సిద్దిరాములు ఆమె ముఖంలోకి చూసి, పానాల సంచి కోసం లేచాడు.

మంగళవారం మధ్యాహ్నానికే దూలపల్లికి కబురు పోయింది. గాలయ్య మర్నాడు మొదటి బస్సుకు దిగాడు. భుజానికి ఇనుప సామాను సంచి. ఆ బరువు చూసి కండక్టరు దాన్ని తన సీటు కిందే పెట్టించుకుని, దిగేటప్పుడు తానే కిందికి అందించాడట. ఆ సంచిలో ఆయన యజమాని చలపతిరావు ఇచ్చిన రీమర్ కూడా ఉంది. చక్రం తిరిగే పిన్ను చుట్టూ తొడిగే ఇత్తడి గొట్టాన్ని బుష్ అంటారు; కొత్త బుష్ లోపలి రంధ్రాన్ని పిన్నుకు సరిపడా చెక్కే పనిముట్టు అది. కార్ఖానాలో ఉన్నది ఒక్కటే. "శనివారం దాకా మాకు పనిలేదనుకుంట తియ్యి, తీస్కపో" అని చలపతిరావు అన్నాడట, ఆ వారం బోలెడంత పని ఉన్నా.

జాకీ పెట్టి ముందు ఇరుసు లేపారు. దాన్ని జాకీ మీదే ఉంచి కింద చేతులు పెట్టడం ప్రాణాలతో ఆట. దిమ్మెలు కావాలి. ఇంట్లో కట్టెలు సన్నవి. అప్పుడు పద్మమ్మ కర్ర పట్టుకుని మెల్లగా వచ్చింది.

"నా కొట్టం దూలం ఇరిగింది గద, గా ముక్కలు తెచ్చుకోరాదు. టేకుది."

"నీ గోడ కూలగొట్టినోల్లం అవ్వా, నీ దూలమే అడుగుతమా" అంది దుర్గాబాయి.

"మీరు అడగలే బిడ్డా, నేనిస్తున్న. గోడ నాది కూలితే నువ్వు ఏడుస్తున్నవేంది?"

దుర్గాబాయి నిజంగానే ఏడుస్తోంది. కొంగుతో తుడుచుకుని దూలం ముక్కలు మోసుకొచ్చింది. వాటి మీద ఇరుసు కూర్చున్నాక సిద్దిరాములు వెనుక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాడు.

చక్రం విప్పకముందే ఆమె ఒక పని మొదలుపెట్టింది. దారిన పోయే ప్రతివాణ్నీ ఆపింది.

"ఏందమ్మా దుర్గాబాయి, ఇంటి ముందర కార్ఖానా వెట్టినవా?" అన్నాడు పాలు పోసి వస్తున్న ఒకతను.

"కార్ఖానా గాదు, తీర్పు జెప్పే కచ్చేరి. జర ఇటు రా. పైనొక చెయ్యి, కిందొక చెయ్యి వట్టి చక్రాన్ని ఊపు."

అతను సైకిలు స్టాండు వేసి, చక్రాన్ని పట్టి ఊపాడు. ఊడబోయే పన్నులా అది లోపలికీ బయటికీ కదిలింది. అతని నవ్వు ఆగిపోయింది.

"గిట్లుందేంది?"

"గట్లనే ఉంది. ఆదివారం అడిగితే సూసినదే జెప్పు. ఎక్కువ జెప్పకు."

సాయంత్రానికి ముప్పై మంది దాకా చక్రం ఊపిపోయారు. పటేల్ తోటలో పనిచేసే ఆడవాళ్లు కూడా, ఆయన చూస్తాడేమోనని అటూ ఇటూ చూస్తూ, వచ్చి ఊపారు. "మగోల్లు గిండ్ల కూసొని నడుపుతరా, పాణాలు అరచేతిల వెట్టుకొని" అని ఒకామె గొణుక్కుంటూ పోయింది.

గురువారం కింగ్‌పిన్ తీశారు. ముందు చక్రం ఎడమకూ కుడికీ తిరిగేది ఈ నిలువు పిన్ను మీదే. తలుపుకు బందు ఎలాగో దీనికి ఇది అలాగ. దాని చుట్టూ రెండు ఇత్తడి బుష్‌లుంటాయి, పైనొకటి, కిందొకటి. ముందు రాత్రంతా కిరసనాయిలు పోసి నానబెట్టినా పిన్ను కదల్లేదు. గాలయ్య రాడ్డు పట్టుకున్నాడు, సిద్దిరాములు సమ్మెట దించాడు. వాళ్లు అలసిపోయినప్పుడు దుర్గాబాయి దించింది. నలభయ్యో దెబ్బకో, యాభయ్యో దెబ్బకో పిన్ను కిందికి జారి దుమ్ములో పడింది.

దుర్గాబాయి దాన్ని కొంగుతో తుడిచి ఎండలో పెట్టి చూసింది. గుండ్రంగా ఉండాల్సిన పిన్ను బుష్ తగిలే చోట అరిగి మెట్టు పడింది. గోరు పెట్టి రాస్తే ఆ మెట్టు దగ్గర ఆగిపోతోంది. బుష్ ఒక పక్క రావి ఆకంత పలచనైంది. ఆమె వెలిగిపోతున్న మొహంతో భర్త వైపు తిరిగింది.

"సూసినవా. నువ్వు తిప్పినప్పుడు ముందు పట్టేసింది, తర్వాత వదిలేసింది. ఇదే."

సిద్దిరాములు ఆ పిన్నును తీసుకుని చాలాసేపు చేతిలో తిప్పాడు. మూడు రోజుల్లో మొదటిసారి అతని భుజాలు తేలికపడ్డట్టు కనిపించింది.

గాలయ్య మాత్రం సంతోషించలేదు. పిన్ను మీద చమురు జాడ లేదు. ఎర్రని తుప్పు పొడి.

"అల్లుడా, గ్రీసు కొడుతలేవా?"

"నెల తప్పకుంట కొడుతున్న మామా."

"కొడితే గిట్ల ఎండిపోయిందేంది మరి?"

ఆయన చక్రం దగ్గరి గ్రీసు నిపుల్‌ను కిరసనాయిలు గుడ్డతో తుడిచాడు. గ్రీసు లోపలికి పోయే చిన్న నోరు అది, చిటికెన వేలి కొన అంత. దాని మీద పసుపుపచ్చ రంగు గట్టిపడి ఉంది. ఒక పొర కాదు, మూడు పొరలు. మధ్యలో ఎర్రరంగు బొట్టు.

దుర్గాబాయి చేయి ఆగిపోయింది.

దసరాకు ఆయుధ పూజ చేసేటప్పుడు బండికి పసుపు రాసి కుంకుమ పెట్టడం అందరూ చేస్తారు. పసుపు వానకు పోతుంది, ఏడాదంతా ఉండాలని ఆమె మూడేళ్లుగా పసుపుపచ్చ ఎనామిల్ డబ్బా తెప్పించి, ఇరుసునూ చక్రాల బొడ్లనూ నున్నగా పూసి, పొడుచుకొచ్చిన ప్రతి చోటా ఎర్రరంగుతో బొట్టు పెట్టింది. పూజ రోజు ఉపవాసం ఉండి మరీ పెట్టింది. ఆ బొట్టు కింద నిపుల్ నోరు మూసుకుపోయింది. సిద్దిరాములు గ్రీసు గన్ను పెట్టి కొట్టినప్పుడల్లా గ్రీసు పక్క నుంచి ఉబికి బయటికొచ్చేది. నిండితేనే బయటికొస్తుందని అతను తుడిచేసేవాడు.

వీధిలో అప్పుడు ఇంకెవరూ లేరు. గాలయ్య కూతురి పక్కకు జరిగి గొంతు తగ్గించాడు.

"ఇంకింత తుడిస్తే రంగు వోతది బిడ్డా. నిపుల్‌లు ఎట్లా కొత్తవే బిగిస్తం. పిన్ను ఒక్కటి సూపిస్తే సాలు. ఎవలు సూడలే."

ఆమె గడప మీద కూర్చుంది. మోకాళ్లకు గడ్డం ఆనించి, ఎండలో నాలుగు దూలం ముక్కల మీద నిలబడ్డ బండిని చూస్తూ ఉంది. ఆ తండ్రి చెప్పింది దొంగతనం కాదు, కూతురి మీద ప్రేమ. అది ఆమెకూ తెలుసు. అందుకే గట్టిగా మాట్లాడలేదు.

"అమ్మవారి కోసం ఏసిన రంగు బాపు. అమ్మవారికి తెల్వకుంట తుడుస్తనా."

"మరి పటేలు ఊకుంటడా? మొత్తం నీ మీదికి దోస్తడు."

"దొయ్యని. నా మీద దోస్తే ఉన్న మాటే దోసినట్టు. నా పెనిమిటి మీద దోసింది లేని మాట." ఆమె లేచి, రంగు పట్టిన నిపుల్‌లను విప్పి, పిన్ను పక్కనే గుడ్డలో మూట కట్టింది.

తర్వాత రెండు రోజులు పని ఆగలేదు. సిద్దిరాములు కుడి పక్క కూడా విప్పాడు. అదీ అలాగే ఉంది. రెండు చక్రాలనూ కలిపే రాడ్డు కొసల్లోని బాల్ జాయింట్లు కూడా ఊగుతుంటే, మేడ్చల్ పోయి అవీ, పిన్నులూ, బుష్‌లూ కొత్తవి తెచ్చాడు. ఆ షాపులో కూర్చున్నవాడు అతన్ని గుర్తుపట్టి, "ఒట్టు ఆదివారమేనంట గద" అన్నాడు. సిద్దిరాములు జాయింట్లు తిప్పి చూసుకుంటూ, "బేరింగులు కూడ ఇయ్యి" అన్నాడు.

కొత్త బుష్ దింపేటప్పుడు గాలయ్య రెండుసార్లు ఆపించాడు. బుష్‌కున్న చిన్న రంధ్రం నిపుల్ దారికి ఎదురుగా రావాలి. వెంట్రుకవాసి పక్కకు పోయినా గ్రీసు లోపలికి దిగదు. దుర్గాబాయి సన్నని తీగ పెట్టి, అది ఆ కొస నుంచి ఈ కొసకు వచ్చాకే సరేనంది. రీమర్‌ను సిద్దిరాములు తిప్పాడు, కొంచెం కొంచెంగా, ఇత్తడి పొట్టు సన్నగా రాలుతుంటే. చివరికి నూనె రాసిన కొత్త పిన్ను అరచేతి నొక్కుకే లోపలికి దిగింది. సమ్మెట అక్కర్లేకపోయింది. గాలయ్య ఏమీ అనలేదు గానీ, బీడీ ముట్టించుకున్నాడు. కార్ఖానాలో కూడా పని కుదిరినప్పుడే ఆయన బీడీ ముట్టించేవాడు.

శనివారం చక్రాలు ఎక్కించారు. గ్రీసు కొడితే మునుపటిలా పక్క నుంచి ఉబకకుండా, పిన్ను పైకొస నుంచి సన్నని వరసగా బయటపడింది. టైర్ల మధ్య ముందోసారి, వెనుకోసారి దారం పట్టి, రెండు చక్రాలూ నేరుగా పోయేలా తేడా సరిచేసి రాడ్డు బిగించారు.

ఆదివారం పోచమ్మ గుడి ముందు ఊరు చాలావరకు చేరింది. రాఘవేందర్ పెద్దల మధ్య నిలబడ్డాడు. వేపమండ, బిందెతో నీళ్లు సిద్ధంగా ఉన్నాయి. సిద్దిరాములు ఉతికిన పొడి బట్టలతో వచ్చాడు.

"బట్టలు తడుపుకోలేదేంది?"

"తడుపుకునే పని జెయ్యలే పటేలా" అన్నాడు సిద్దిరాములు. అతని జీవితంలో పటేల్‌కు అంత గట్టిగా జవాబు చెప్పడం అదే మొదలు.

దుర్గాబాయి ఇత్తడి పళ్లెం ముందుకు పెట్టింది. అందులో రెండు పాత పిన్నులు, పలచబడ్డ బుష్‌లు.

"చక్రం ఊపి సూసినోల్లు ఇక్కడ్నే ఉన్నరు. అడుగు పటేలా."

పాలతను ముందుకొచ్చి, "ఊగింది. నేను సూసిన" అన్నాడు. అంతకంటే ఎక్కువ చెప్పలేదు. ఆ వెనక ఇంకో ఇద్దరు, తర్వాత తోటలో పనిచేసే ఆడవాళ్లలో ఒకామె.

రాఘవేందర్ పిన్ను చేతిలోకి తీసుకుని గోరుతో రాసి చూశాడు. ఆయన కూడా బోరింగు మోటార్లు విప్పించినవాడే. అరుగుదల అంటే ఏమిటో ఆయనకు తెలియనిది కాదు. పిన్నును వేళ్ల మధ్య తిప్పుతూ అన్నాడు.

"మేస్త్రి పైన బాక్సు సూసిండు, కింద సూడలే అనుకుందం. గని ఇది ఎండిపోయింది. గ్రీసు వెట్టనోడు ఎవడు? నడిపేటోడే గద. ఎట్ల సూసినా తప్పు సిద్దిరాములుదే."

ఇక్కడ ఆమె ఊరుకుంటే అయిపోయేది. తాగుడు మాట పోయి, గ్రీసు మాట మిగిలేది. ఏ డ్రైవరూ దానికి సిగ్గుపడక్కర్లేదు. ఆమె మూట విప్పింది.

"ఆయన వెట్టిండు. నేను పోనియ్యలే. సూడు, దీని నోరు మూసిన రంగు నాది. మూడు దసరాలు ఏసిన."

గుంపులో ఎవరో పొలమారినట్టు నవ్వు ఆపుకున్నారు.

"అంటే ఆయుధ పూజే నీ బండిని ఆగం జేసిందంటవు. అమ్మవారి ముందర్నే" అన్నాడు పటేల్.

"ఆగం జేసింది పూజ గాదు పటేలా. నా చెయ్యి జేసింది. ఎక్కడ రంగెయ్యాల్నో, ఎక్కడ ఎయ్యద్దో తెల్వక. ఒట్టు కావాలన్నరు గద. తప్పు జేసినోల్లే ఒట్టెయ్యాలె."

ఎవరూ ఆపేలోపే ఆమె బిందె ఎత్తి నీళ్లు నెత్తిన కుమ్మరించుకుంది. వేపమండ తీసుకుని గుడి వైపు తిరిగింది.

"తల్లీ, ఇకమీద గ్రీసు నోటి మీద రంగు ఎయ్య. నా పెనిమిటి తాగలే. ఈ రెండు మాటలు నీ ముందర జెప్తున్న. ఏ ఒక్కటి అబద్ధమైనా నన్నడుగు."

నీళ్లు కారుతున్న జుట్టుతో ఆమె అక్కడే నిలబడింది. రాఘవేందర్ పిన్నును పళ్లెంలో పెట్టాడు.

"మేం ఒట్టెయ్యమన్నది సిద్దిరాములును" అన్నాడు, గొంతులో పదును తగ్గినా. "ఊరన్న మాట ఊరిదే."

అప్పటిదాకా గుడి మెట్టు మీద కూర్చున్న పద్మమ్మ కర్ర ఊతతో లేచింది.

"కూలిన గోడ ఎవలిది పటేలా?"

"నీదే."

"నాకు గీ ఒట్టు సాలు." ఆమె సిద్దిరాములు వైపు తిరిగింది. "గోడకు రాళ్లు తేవాలె గదరా. బండి తియ్యి."

"నా బండి ఎవలూ ఎక్కద్దన్నరు గద అవ్వా."

"ఎక్కుత. డెబ్బై ఏండ్లు ఈ ఊరి మనిషినే. ఆపేటోల్లు వచ్చి ఆపుర్రి."

ఎవరూ రాలేదు. సిద్దిరాములు పోయి లారీని గుడి దాకా తెచ్చాడు. పద్మమ్మను కేబిన్‌లోకి ఎక్కించడం తేలిక కాలేదు. పాలతను ఒక చేయి వేశాడు, తోటలో పనిచేసే ఇద్దరు ఆడవాళ్లు వెనక నుంచి ఆసరా ఇచ్చారు. దుర్గాబాయి తడిబట్టలతోనే పక్కన కూర్చుంది. పద్మమ్మ తన పొడి కొంగు విప్పి ఆమె తలకు అద్దింది.

"నడుపు బిడ్డా" అంది ముసలమ్మ. "ఆ మలుపుల నుంచే, నా ఇంటి ముందర నుంచే నడుపు."

సిద్దిరాములు గేరు వేశాడు.